సాధకుని పురోగతికి సాక్షి ఎవరు?

 వెనుక గోడవద్ద నిలుచున్న కళాశాల విద్యార్థులకు ముందుగా ఒక మాట. ముందువరుసలో కుర్చీలు ఖాళీగా నున్నవి. పెద్దలకొరకు ఉంచినవని సంకోచింపక వచ్చి కూర్చుండుడు. ఈ ఉపన్యాసము కొంత దీర్ఘమైనదే.

అచ్చంపేటలో కపిలవాయి లింగమూర్తిగారిని పరిచయము చేయబూనుట అనవసరమైన సాహసము. నేటి బల్మూరు మండలమునందలి జినుకుంటలో 1928లో జన్మించి, నాగరుకర్నూలులో తెలుగు పండితులుగను, పాలెము ప్రాచ్యకళాశాలలో అధ్యాపకులుగను జీవితము గడపి, తొంబదియేండ్లు నిండిన పిమ్మట 2018 నవంబరులో కీర్తిశేషులైన ఆ మహనీయుని నాకంటె బాగుగా ఎరిగినవారు ఈ సభలో పలువురు కలరు. ఆయన రచనలు డెబ్బదికి పైబడినవి. పద్యములు, శతకములు వ్రాయగల పండితులకు మన సీమలో ఏనాడును కొరత లేదు. కాని శతకము వ్రాసిన చేతితోనే పాలమూరు జిల్లా దేవాలయములను గూర్చి పుస్తకము వ్రాసి, సాలగ్రామశిలల లక్షణములను శాస్త్రముగా కూర్చి, ఇల్లాలి మెడలోని మాంగళ్యమును గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథమునే రచించి, ఏ ఊరికేగినను ఆ ఊరిగుడి ఎవరు కట్టించిరి, ఆ ఊరిపేరు వెనుక కథ యేమి అని అడుగక మరలి రానివారు ఎందరు?

ఆయన గ్రంథముల పట్టికను చేతబట్టుకొని కూర్చున్నపుడు నాకు కలిగిన ఒక సందేహమే నేటి ఉపన్యాసమునకు మూలము. ఉద్యోగములో మెట్లున్నవి, మెట్టు మారినపుడు జీతము మారును, ఆ సంగతి ఇంటిల్లిపాదికిని తెలియును. కాని ఒక మనుష్యుడు ఏబది యరువది యేండ్లపాటు తన్నుతాను తీర్చిదిద్దుకొనుచు వచ్చినపుడు, ఆ యెదుగుదల జరుగుచున్నదని ఆయనకు ఎవరు చెప్పుదురు? ఎదిగితినని ఆయన అనుకొన్నచో ఆ యనుకొనుట నిజమనుటకు సాక్షి ఎవరు?

1

వ్యక్తిత్వవికాసమను మాట నేడు గోడపత్రికలకును ఎక్కినది. రెండు దినముల శిబిరము, ఏడు దినముల శిక్షణ, ఇరువదియొక్క దినముల అభ్యాసము. చివర ఒక ప్రశంసాపత్రము, అందరును కలిసి నిలిచిన ఛాయాచిత్రము. వీనిని పరిహసించుటకు నేను రాలేదు. నలుగురిలో నోరు విప్పలేని బాలుడు రెండు దినములలో నాలుగు మాటలు తడబడక చెప్పగలిగినచో అది లాభమే. కాని ఆ నాలుగు మాటలు ఆరు నెలలకు పిమ్మట ఎనిమిదియైనవా, తిరిగి రెండైనవా అని శిబిరము నడిపినవారు వెనుదిరిగి చూడరు. వారు విత్తువారే కాని పంట చూచువారు కారు.

మన పూర్వులు ఈ విషయమున తొందరపడినవారు కారు. పతంజలి అభ్యాసము గట్టిపడుటకు మూడు నియమములు విధించెను. దీర్ఘకాలము సాగవలెను, ఎడతెగక సాగవలెను, ఆదరముతో సాగవలెను. దీర్ఘకాలమనగా ఎన్ని యేండ్లో ఆయన చెప్పలేదు, చెప్పకపోవుటయే మేలైనది. చెప్పియున్నచో మనము ఆ లెక్కను పూర్తిచేసి, మరునాడు దుకాణము కట్టివేసెడివారము. మూడవ నియమమును గూర్చి మాత్రము ఒక మాట చెప్పవలెను. పదియేండ్లు ఎడతెగక చేసిన పని యైనను విసుగుతో, పండ్లు కొరుకుచు చేసినదైనచో, అది మనిషిని అలవాటునకు బానిసను చేయునే గాని పెంచదు. ఇరువది యేండ్లు ఒకే పాఠమును, ఒకే చోట అదే పరిహాసముతో సహా చెప్పిన ఉపాధ్యాయులను మనమందరమును ఎరుగుదుము. వారికి కాలమును నైరంతర్యమును పుష్కలముగా నుండెను; ఆదరము మాత్రము ఏ దారిలోనో జారిపోయెను.

నేను మాటాడునది ఇట్టి దీర్ఘసాధనను గూర్చి. అది యోగము కావచ్చును, సంగీతము కావచ్చును, పద్యరచన కావచ్చును, కోపమును అదుపులో నుంచుకొనుట కావచ్చును. అందు పురోగతిని తెలుపుటకు సామాన్యముగా మువ్వురు సాక్షులను పిలుతుము. మువ్వురును నమ్మదగనివారని నా వాదము.

2

మొదటి సాక్షి మన అనుభూతి. ఈ సాక్షి అబద్ధమాడడు, కాని చూపు ఆననివాడు.

అమెరికాలోని ఇండియానాలో బ్రయన్, హార్టర్ అను నిరువురు, తంతివార్తలు పంపు పనిని, అందుకొను పనిని నేర్చుకొనువారి నైపుణ్యమును వారమువారమును కొలిచి, 1897లోను 1899లోను ఆ ఫలితములను ప్రకటించిరి. తంతి శబ్దములను విని సందేశముగా గ్రహించు శక్తి కొంతకాలము పెరిగి, పిదప వారముల తరబడి కదలక నిలిచి, మరల పైకి లేచెను. నేర్చువానికి ఆ నడిమి వారములు దుర్భరములు. ఎంత శ్రమించినను ఫలమున్నట్లు తోచదు. పలువురు అక్కడనే విడిచిపెట్టుదురు. కాని ఆ యిరువురి వివరణ ఏమనగా, ఆ కదలని కాలముననే అక్షరములను వినుట అలవాటుగా మారి, మనస్సు పదములను పదములుగనే, పిదప పదబంధములను ఒక్కుమ్మడిగనే పట్టుకొనుటకు సిద్ధపడుచుండునట. పైకి ఏమియు జరుగనట్లున్నపుడే లోపల పని జరుగుచున్నదన్నమాట. అందరిలోను ఈ నిలుకడ కనబడదనియు, ఇది వట్టి మాయ యనియు కెల్లరను మనస్తత్త్వవేత్త 1958లో వ్రాసెను. ఆ వివాదమును శాస్త్రజ్ఞులు తీర్చుకొందురు గాక. ఏదో యొక విద్యను పట్టుదలతో నేర్చినవారెవరును ఆ నడిమి వారములను మరచియుండరు.

ఇచటివారికి దీనిని బోధించుటకు ఇండియానా దాక పోవలసిన పని లేదు. హాజీపూరు దాటి ఘాటు ఎక్కునపుడు ప్రతి మలుపునందును ఎక్కుచున్నామని ఊపిరికిని చెవులకును తెలియును. మన్ననూరు చేరి అమరాబాదు దారి పట్టిన పిమ్మట నేల చదునుగా సాగిపోవును. చేలు, చెరువులు, ఊళ్లు. అచట పుట్టి పెరిగిన బాలునకు తాను ఎత్తున నున్నానను సంగతి, అంచునకు వచ్చి క్రిందికి చూచిన దినమున గాని తెలియదు. సాధనలో చిరకాలమున్నవాడు ఆ బాలునివంటివాడు. ఒకనాడు కష్టమైనది నేడు సహజమైనది గనుక, అది తన సంపాదనయని అతనికి తోచదు. తోచునది ముందున్న తరువాతి ఎత్తు మాత్రమే. దానిని చూచి, నేనింకను అడుగుననే యున్నానని అతడు నిట్టూర్చును.

పతంజలి సాధకుని కడ్డువచ్చు అంతరాయములను తొమ్మిదింటిని లెక్కించుచు, ఎనిమిదవదిగా భూమిక లభింపకపోవుటను, తొమ్మిదవదిగా లభించిన భూమికయందు నిలువలేకపోవుటను చెప్పెను. వ్యాధితో మొదలుపెట్టి ఇచట ముగించుట నాకు అర్థవంతముగా తోచును. రోగము, సందేహము, సోమరితనము మొదలైన వానిని దాటి వచ్చినవానికి మాత్రమే ఈ చివరి రెండును ఎదురగును. కనుక, విద్యార్థులారా, నేను ముందుకు పోవుటలేదను దిగులు కలిగినపుడు, కొంతదూరము వచ్చినవానికే ఆ దిగులు కలుగునని గుర్తుంచుకొనుడు. అంతమాత్రమున మీరు వచ్చినారని నేను హామీ ఇచ్చుటలేదు. అనుభూతి ఇటును అటును మోసగించును.

3

రెండవ సాక్షి లెక్క. ఇతనిని గూర్చి ఎక్కువసేపు మాటాడను.

స్వీడను దేశీయుడైన ఎరిక్సనును, ఆయన సహచరులును బెర్లినులోని సంగీత విద్యాలయమున వయొలిను నేర్చువారిని పరిశీలించి 1993లో ఒక వ్యాసము ప్రకటించిరి. ఉత్తమశ్రేణివారు ఇరువదియవ యేటికి సగటున పదివేల గంటలకు మించి ఏకాంతసాధన చేసియుండిరని అందున్నది. 2008లో గ్లాడ్‌వెల్ అను రచయిత ఆ పదివేల సంఖ్యను లోకప్రసిద్ధము చేసెను. అది సగటు మాత్రమే యనియు, గంటలకంటె ఆ గంటలలో గురువు పర్యవేక్షణమున తన లోపమును పట్టుకొని దిద్దుకొను తీరే ముఖ్యమనియు ఎరిక్సను మొత్తుకొనెను గాని, సంఖ్యకు కాళ్లు వచ్చిన పిమ్మట దాని నెవరాపగలరు?

లెక్కవ్రాయుటయందు బెంజమిను ఫ్రాంక్లినును మించినవాడు లేడు. పదమూడు సుగుణములను ఎంచుకొని, వారమునకొక దానిపై ప్రత్యేకదృష్టి నిలిపి, తప్పినపుడెల్ల చిన్నపుస్తకములో నల్లచుక్క పెట్టుకొనెడివాడు. ఏడాదికి నాలుగు ఆవృత్తులు. తాననుకొన్నదానికంటె తనలో దోషములు చాల ఎక్కువగా నున్నవని ఆయన తెలిసికొనెను. అది ఆ పుస్తకము చేసిన మహోపకారము. కాని పదమూడవదియైన వినయమునకు వచ్చుసరికి, దాని నిజస్వరూపమును సాధించితినని చెప్పుకొనజాలననియు, పైరూపమును మాత్రము బాగుగనే సాధించితిననియు స్వయముగా ఒప్పుకొనెను. చుక్కలు దోషములను పట్టుకొనగలవు, గుణమును పట్టుకొనలేవు. పైగా వినయము లెక్కకెక్కిన నాడే అది మరొకటిగా మారిపోవును.

4

మూడవ సాక్షి పరీక్షాఫలితము. ఇతడు ఈ ప్రాంతమున ఎంతటి బలవంతుడో నేను చెప్పనక్కరలేదు. ఇచటినుండి హైదరాబాదు బస్సెక్కి, అశోకునగరులోనో దిలుసుఖునగరులోనో ఒక గదిని నలుగురు పంచుకొని, చిక్కడపల్లి గ్రంథాలయమున ఉదయమే స్థలము పట్టుకొని, గ్రూపు పరీక్షలకు చదివినవారు, చదువుచున్నవారు ఈ సభలో కలరు. నా దృష్టిలో నేటి తెలుగుసీమలో సామాన్య కుటుంబముల బిడ్డలు చేయు అతిదీర్ఘమైన ఆత్మశిక్షణ ఇదియే. నాలుగేండ్లు, ఆరేండ్లు, కొందరికి అంతకును మించి. చరిత్ర, ఆర్థికము, రాజ్యాంగము, భూగోళము. కోరికలను తగ్గించుకొనుట, పండుగలకు ఇంటికి రాకుండుట, వేసవిలో రేకులగదిలో కూర్చుండి చదువుట. ఏ ఆశ్రమము విధించు నియమములకంటెను ఇవి తక్కువవి కావు.

దీని ఫలితమును ఎట్లు కొలుచుచున్నాము? తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట మొదటి గ్రూపు-1 ప్రకటన 2022 ఏప్రిలులో 503 పోస్టులకు వెలువడెను. మూడున్నర లక్షలకు మించి దరఖాస్తులు వచ్చెను. ఆ అక్టోబరు 16న జరిగిన ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రముల లీకు బయటపడుటచే 2023 మార్చిలో రద్దయ్యెను. 2023 జూను 11న మరల జరిగిన పరీక్షను హైకోర్టు రద్దు చేసెను. 2024 ఫిబ్రవరిలో క్రొత్త ప్రకటన 563 పోస్టులతో వెలువడి, జూను 9న మూడవమారు పరీక్ష జరిగెను. ఒకే విద్యార్థి ఒకే మెట్టును ముమ్మారు ఎక్కవలసివచ్చెను. మొదటిమారు నెగ్గి మూడవమారు ఓడినవాడు ఆ రెండేండ్లలో తగ్గిపోయెనా? మొదట ఓడి తరువాత నెగ్గినవాడు అంత పెరిగెనా? 503 అను సంఖ్య 563 అయినపుడు అరువదిమంది యోగ్యత రాత్రికి రాత్రి పెరుగలేదు, కుర్చీలు పెరిగినవి. పరీక్ష అనునది ఉన్న కుర్చీలకు తగినంతమందిని ఏరు పద్ధతి. అది వేరెవ్వరికంటెనో మనము ముందున్నామా యని చెప్పును. నిన్నటి మనకంటె ముందున్నామా యని దానినడుగుట దాని పని కాని పనిని దానికప్పగించుట.

అట్లని, నౌకరి రాకున్నను చదివిన చదువెక్కడికి పోవును అని భుజము తట్టి ఊరుకొనుటకు కూడ నా మనస్సొప్పదు. చదువు ఎక్కడికైనను పోగలదు. పరీక్షకొరకు మాత్రమే పట్టుకొన్న విషయము పరీక్ష దాటిన మూడునెలలకు మంచుబొట్టు వలె మిగులదు. ఈ సంగతి నెగ్గినవారికిని సమానమే. ఊరికి తిరిగివచ్చిన యువకుని అరుగుమీద కూర్చున్న పెద్దమ్మ "ఏమైంది బిడ్డా, నౌకరొచ్చిందా?" అని అడుగును. అది న్యాయమైన ప్రశ్నయే, ఆమె బియ్యము అమ్మి పంపిన సొమ్ము అందున్నది. కాని ఆ ప్రశ్నతో పాటు మరొక ప్రశ్న అడుగువారు లేకపోయిరి. ఊరిలో పట్టాదారు పాసుపుస్తకమున పేరు తప్పుపడిన రైతు ఆ యువకుని వద్దకు వచ్చుచున్నాడా? 2005 నాటి సమాచారహక్కు చట్టముక్రింద దరఖాస్తు వ్రాయించుకొనుటకు ఎవరైనను అతని తలుపు తట్టుచున్నారా? గ్రామసభలో లెక్కలు చదివినపుడు నలుగురును అతని ముఖమువంక చూచుచున్నారా? చూచుచున్నచో, ఏ జాబితాలోను పేరు లేకున్నను అతడు ఎదిగెను. చూడనిచో, ఎక్కడనో ఆ యారేండ్ల శ్రమ తెగిపోయినది. ఎచట తెగెనో వెదకవలసినదే.

5

నేను చెప్పదలచిన సాక్షి ఇప్పటికే వచ్చి నిలిచినాడు. ఎదుగుదల లోపల జరుగును. కాని దానిని చదువవలసినది బయట, చేసిన పనియందును, ఆ పనిపై ఇతరులు మోపిన నమ్మకమునందును. లోపలికి తొంగిచూచి కొలుచుకొనువానికి తన నీడయే కనబడును.

ఇందుకు మన పాత పాలమూరు జిల్లావాడైన సురవరము ప్రతాపరెడ్డిగారికంటె నిదర్శనము వేరొకటి లేదు. అలంపురము సీమలోని ఇటిక్యాలపాడు వాస్తవ్యులైన ఆయన మద్రాసులో న్యాయశాస్త్రము చదివిరి. హైదరాబాదులో రెడ్డి హాస్టలు నిర్వహణము చూచిరి. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. ఉన్నతవిద్య ప్రధానముగా ఉర్దూలో సాగు నిజాము రాజ్యమున తెలుగుపత్రిక నడుపుట యనగా చందాదారులకొరకును, అచ్చుకాగితము కొరకును, ప్రభుత్వపు కంటినుండి తప్పించుకొనుట కొరకును ఏకకాలమున పోరాడుటయే. అట్టి దినములలో తెలంగాణమున కవులు పూజ్యమని, అనగా లేనేలేరని, ఒక పండితుడనెను. దీనికి ప్రత్యుత్తరముగా ప్రతాపరెడ్డిగారు ఘాటుగా ఒక సంపాదకీయము వ్రాసి ఊరుకొనవచ్చును. ఆ శక్తి ఆయనకు పుష్కలముగా నుండెను. ఆయన అట్లు చేయక, ఊరూరనున్న కవుల వివరములను పద్యములను సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి.

ఇచట ఒక్కక్షణము ఆగవలెను. రోషము వచ్చినవాడు చేయు పనికిని, రోషము వచ్చిన సాధకుడు చేయు పనికిని భేదమిది. అవమానమును నెలల తరబడి లోపల నిలుపుకొని, దానిని ఉత్తరములు వ్రాయుటగను, ప్రతులు సరిచూచుటగను, పేర్లు క్రమమున కూర్చుటగను మార్చగలుగుట ఒక దినమున అలవడు గుణము కాదు. పత్రికకార్యాలయమున ఎనిమిదేండ్లుగా సాగిన నిత్యశిక్షణము ఆ గుణమును ఆయనకిచ్చియుండును. తనలో ఆ గుణమున్నదని ప్రతాపరెడ్డిగారెన్నడును చెప్పుకొనినట్లు లేదు, సంచిక చెప్పుచున్నది. ఆ సంచికను కూర్చినవాడే 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను వ్రాసెను. మొదటిదానిలో ఆయన కవులను వెదకిరి. రెండవదానిలో కావ్యములను పట్టుకొని, అందు జనులు తిన్న తిండిని, కట్టిన బట్టను, ఆడిన ఆటలను వెదకిరి. 1953లో ఆయన మరణించిరి. 1955లో ఆ గ్రంథమునకు సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. బహుమానము చేరునాటికి అందుకొనుటకు ఆయన లేరు, కనుక ఆయన ఎదుగుదలకు ఆ బహుమానము ఏ మాత్రమును కారణము కాదు. ఈ రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన ఉంచి చూచినవానికి, పదునైదేండ్లలో ఒక మనుష్యుని చూపు ఎంత విశాలమైనదో వేరొకరు చెప్పనక్కరలేదు.

లింగమూర్తిగారి పట్టికయు ఇట్లే చదువదగినది. శతకకారుడు తన భక్తిని చెప్పుకొనును. అది తనను గూర్చిన మాట. దేవాలయచరిత్రకారుడు శిథిలమైన గోపురమును గూర్చి, అర్చకుని వాడుకను గూర్చి, శాసనమున అరిగిపోయిన అక్షరమును గూర్చి మాటాడును. అందు తాను ఉండడు. సాలగ్రామమును, మాంగళ్యమును శాస్త్రముగా వ్రాయువాడు ఇంటింటి దేవునిగూటిలోనికి, స్త్రీల కంఠములవద్దకు తన పాండిత్యమును తీసికొనిపోవలెను. ఉద్యోగము విరమించిన పిమ్మటను ఆయన కలము ఆగలేదు. నాకు తోచుచున్నది చెప్పుదును, అంగీకరింపనివారు సభానంతరము వాదింపవచ్చును. సాధన పెరిగినకొలది సాధకునికి తనను గూర్చిన ఆసక్తి తగ్గి, ఎదుటి వస్తువును గూర్చిన ఆసక్తి పెరుగును. వ్యక్తిత్వవికాసమను మాట ఇందుకనే నాకు కొంచెము ఇరుకుగా తోచును; అందు మొదటినుండి చివరివరకు వ్యక్తియే కనబడుచున్నాడు.

ఇతరుల నమ్మకమే సాక్షియను సంగతిని నల్లమల పెంటలలోని చెంచులు వేరొక రీతిని ఎరుగుదురు. 1940లో అమరాబాదు పీఠభూమిపై చెంచులతో కలిసి నివసించి, 1943లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించిన హైమెన్‌డార్ఫు పేరు మీరు వినియుందురు. చెంచులు కొండచరియకు వ్రేలాడు తేనెపట్టును తీయుటకు తాడుపై దిగుదురు. పైన ఆ తాడును పట్టుకొనువాడు బావమరిది యని చెప్పుదురు. చెల్లెలి పసుపుకుంకుమలు తన చేతిలో నున్నవాడు తాడు విడువడు గదా! బంధుత్వము సరే. కాని ఎంత దగ్గర బావమరిదియైనను, పట్టు తెలియనివాని చేతికి తాడునిచ్చి ఎవడును దిగడు. నీవు నేర్చితివని ఆ యువకునకు ప్రశంసాపత్రమునెవరు ఇచ్చెదరు? ఒకనాడు తాడును అతని చేతికందించి బావ దిగిపోవును. అంతే.

సంస్థానముల కాలమున కవులును ఈ పరీక్షను తప్పించుకొనలేదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములకు పోయిన కవి తన పాండిత్యమును తాను మెచ్చుకొనినచో చాలదు; తిరుపతి వేంకటకవులంతటివారు కూడ ఆ సభలలో నిలిచి, ఇతరులిచ్చిన సమస్యను, ఇతరులు పెట్టిన అడ్డంకిని దాటవలసియుండెను.

అయితే ఇతరుల నమ్మకము కూడ కొన్ని మారులు తప్పుత్రోవ పట్టించును, లోకము మాటకారిని నమ్మును, నిశ్శబ్దముగా పనిచేయువానిని ఆలస్యముగా గుర్తించును అని మీలో కొందరు మనస్సులో అనుకొనుచుందురు. నిజమే. అందుకొరకే పనిచేసినవాడు తన పాతపనిని పారవేయరాదు. తేదీ వేసిన నోటుపుస్తకము, మొదటియేట వ్రాసిన పద్యము, మొదటిమారు గీసిన పటము. వీనిని ఏడాదికొకమారు తీసి, క్రొత్తవానిప్రక్క నుంచి చూడవలెను. తన ముఖము తనకు కనబడకున్నను, తన దస్తూరి కనబడును. ఆనాడు తప్పని తెలియక చేసిన తప్పు నేడు మొదటిచూపుననే కంటికి తగిలినచో, ఆ మేరకు కన్ను పెరిగినది. పాతపుస్తకమున ఏ తప్పును కనబడనిచో, ఆనాడే పరిపూర్ణులై యుండవలెను, లేదా నాటినుండి నేటివరకు కదలక యుండవలెను. మొదటిది అరుదు.

6

ఇక మిగిలినది ఖర్చుమాట. దీర్ఘకాలము అను మాటను పండితులు సులభముగా ఉచ్చరింతురు. దానికి డబ్బు పెట్టువారెవరని అడుగరు.

పూర్వము వారములు చెప్పుకొని చదివిన పిల్లలకు ఊరిలోని ఏడిండ్లు అన్నము పెట్టెడివి. 1918లో రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారు హైదరాబాదులో రెడ్డి హాస్టలు స్థాపింపనిచో, జిల్లాలనుండి పోయిన పల్లెటూరి బాలురు ఎందరో పట్నపుచదువు మొగము చూచియుండరు. 1943లో వెలసిన ఆంధ్రసారస్వత పరిషత్తు ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షలను నడిపి, పగలు పని చేసికొని రాత్రి చదువువారికి, బడిలో తెలుగు దొరకనివారికి మెట్లు కట్టి ఇచ్చెను. పరీక్షను సాక్షిగా నేను కాదంటిని గాని, మెట్టుగా ఎన్నడును కాదనలేదు. వీరందరును సాధకునకిచ్చినది జ్ఞానము కాదు, కాలము. జ్ఞానము అతడు తానే సంపాదించుకొనెను.

స్త్రీల విషయమున ఈ ఖర్చు మరింత కఠినము. పదునేడేండ్ల బాలిక సంగీతమో, చిత్రలేఖనమో, కథారచనయో పట్టుదలతో ఆరంభించును. పెండ్లినాడు దానికి విరామము పడును. పిల్లలు పెద్దవారైన పిమ్మట ఆమె మరల చేతబట్టినచో కాలక్షేపమందురు. పతంజలి ఎడతెగరాదనెను. తెంపినది ఆమె కాదు, మనము. తెగినదానిని నలువదియవ యేట తిరిగి ముడివేసికొనిన ఇల్లాండ్రను నేనెరుగుదును. వారిలో ఒక్కరికైనను ఈ వేదికమీద ఈ యేడు ఆసనము లేదు. నిర్వాహకులు నన్ను క్షమింతురు గాక, లేదా వచ్చేయేడు సరిదిద్దుదురు గాక.

కావున ఈ సభకు నేను ఒక ప్రార్థన చేయుచున్నాను. మన ఊరి గ్రంథాలయము సాయంకాలమున మూసివేయబడక రాత్రి పదిగంటలవరకు తెరచియుండవలెను. హైదరాబాదున యేండ్ల తరబడి చదివి తిరిగివచ్చినవారు, నౌకరి వచ్చినవారును రానివారును, వారమునకొక గంట అచట కూర్చుండి, వచ్చినవారి కాగితములు చదివిపెట్టవలెను, క్రిందితరగతుల పిల్లలకు పాఠము చెప్పవలెను. స్త్రీలకు వారమున రెండు మధ్యాహ్నములు ప్రత్యేకింపవలెను. లింగమూర్తిగారి పుస్తకములన్నియు ఒక బీరువాలో, తాళము వేయకుండ, చేతికందునట్లు ఉండవలెను. ఇందుకు ఒక కాపలాదారు, దీపముల ఖర్చు, ఇరువది కుర్చీలు కావలెను. నెలకెంత అగునో అంచనా వేసిన కాగితమును అధ్యక్షులవారి చేతికిచ్చియున్నాను. సభ ముగిసిన పిమ్మట దానిని చదివి వినిపింపవలసినదిగా వారిని కోరుచు, చర్చకొరకు మిగిలిన సమయమును మీకప్పగించుచున్నాను.